మా తోడికోడలు గోల్ షూటరైన సీజన్

మా తోడికోడల్ని నెట్‌బాల్‌కి తీసుకెళ్ళింది నేనే. ఆ సీజనంతా ఈ సంగతి నాకు ఎవరో ఒకరు గుర్తుచేస్తూనే ఉన్నారు. "నువ్వే కదా తీసుకెళ్ళావు, మరి ఇప్పుడా మొహమేంటి?" అని మావారు అడిగితే ఏం చెప్పను? తీసుకెళ్ళింది నాలుగు గోడల మధ్య నుంచి బయటపడుతుందని. నా చోటు లాగేసుకుంటుందని కాదు.

ఆ శీతాకాలంలో మా మరిదికి షామ్‌బర్గ్‌లో ప్రాజెక్ట్ దొరికి వాళ్ళిద్దరూ డాలస్ నుంచి మేముండే అరోరాకి వచ్చారు. మా వీధి దాటగానే ఉండే అపార్ట్‌మెంట్లలోనే దిగారు. తోడికోడలిది హన్మకొండ. డాలస్‌లో ఎమ్మెస్ చేస్తున్నప్పుడు మా మరిదితో పరిచయమై, అది పెళ్ళి దాకా వచ్చింది. చదువయ్యాక మంచి ఉద్యోగమే చేసింది గానీ, హెచ్‌వన్ లాటరీలో ఏ ఏడూ ఆమె పేరు రాలేదు. చివరికి భర్త వీసా మీద ఆధారపడే హెచ్‌ఫోర్‌కి మారి, ఉద్యోగం చేసే అనుమతి లేక ఇంట్లో కూర్చోవలసి వచ్చింది. కొత్త ఊరు, బయట గడ్డకట్టిన మంచు, చేతిలో పని లేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా కిటికీ దగ్గర నిలబడి రోడ్డు మీద పోయే కార్లను చూస్తూ ఉండేది. చూడలేక ఒక శనివారం నేనే అడిగాను.

"మా ప్రాక్టీస్‌కి రాకూడదూ? ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతుంది."

"నాకు నెట్‌బాల్ రాదక్కా. స్కూల్ల ఉన్నప్పుడు బాస్కెట్‌బాల్ ఆడిన, అంతే."

"రాకపోతే ఏం? బంతులు అందిద్దువుగానిలే."

నెట్‌బాల్ అంటే తెలియనివాళ్ళకి నేనెప్పుడూ ఒకేలా చెబుతాను. బాస్కెట్‌బాల్ లాంటిదే, కాకపోతే బంతిని నేలకి కొడుతూ పరిగెత్తడం ఉండదు. పట్టుకున్నచోటే ఆగిపోయి, మూడు సెకన్లలోపు ఇంకొకరికి విసిరెయ్యాలి. జట్టుకి ఏడుగురు. ఎవరు కోర్టులో ఎక్కడిదాకా తిరగవచ్చో, ఎవరి పనేమిటో చొక్కా మీద వేసుకునే బిబ్ మీది అక్షరాలు చెబుతాయి. గోల్ వేసే హక్కు ఏడుగురిలో ఇద్దరికే. అందులోనూ రింగు కిందే ఉండి, ఎక్కువ గోల్స్ వేసే మనిషి గోల్ షూటర్. రింగు వెనక బోర్డు కూడా ఉండదు. గురి తప్పితే తప్పినట్టే.

మా జట్టుకి ఆరేళ్ళుగా గోల్ షూటర్ని నేను. ఒంగోలులో డిగ్రీ చదివేటప్పుడు యూనివర్సిటీకి ఆడాను. పెళ్ళి, అమెరికా, పాప, ఉద్యోగం, వీటన్నిట్లో పడి ఆ ఆట ఒకటుందని కూడా మరిచిపోయాక, పాపని ఈతకి తీసుకెళ్ళిన చోట పక్క జిమ్‌లో ఆడవాళ్ళు నెట్‌బాల్ ఆడుతుండటం చూశాను. తలుపు దగ్గర అలాగే నిలబడిపోయాను. వాళ్ళ కోచ్ నన్ను చూసి, బంతి విసిరి, "వేస్తావా?" అని అడిగింది. వేశాను. అప్పటినుంచీ శనివారాలు నావి.

ఆ కోచ్ జమైకాలో పుట్టినావిడ. ఇక్కడ ఆస్పత్రిలో నర్సు. వయసులో ఉన్నప్పుడు ఇంగ్లండులో జీతం తీసుకుని ఆడే ప్రొఫెషనల్ జట్టులో ఉండేది. మా జట్టులో శ్రీలంక డెంటిస్టు, ఆస్ట్రేలియా టీచరు, ఇద్దరు జమైకా అక్కచెల్లెళ్ళు, మేం ఇండియావాళ్ళం కొందరం. అందరం ఉద్యోగాలు చేసుకుంటూ సరదాకి ఆడేవాళ్ళమే. అయినా ఆవిడ మమ్మల్ని ప్రొఫెషనల్ జట్టులాగే నడిపేది. ఆలస్యంగా వస్తే కోర్టు చుట్టూ పరిగెత్తాల్సిందే. "మీకు జీతం లేదు, అంతే తేడా" అనేది.

మొదటి రోజు మా తోడికోడలు గోడవారగా నిలబడి నిజంగానే బంతులు అందించింది. ప్రాక్టీస్ అయ్యాక, అందరం నీళ్ళు తాగుతుంటే, కోచ్ ఆమెను ఎగాదిగా చూసి, "ఒకటి వెయ్యి" అంది. మా తోడికోడలు పొడగరి. మా ఇంట్లో మగవాళ్ళకంటే కూడా ఒక పిసరు ఎత్తే. నవ్వుతూ వచ్చి, బంతిని తల మీదికెత్తి, ఒక్కసారి ఊపిరి పీల్చి, విసిరింది. రింగుకి తగలకుండా బంతి వలలోంచి జారింది. ఇంకోటి వేసింది. అదీ అంతే. కాస్త దూరం జరిగి ఇంకోటి.

కోచ్ ఎప్పుడూ అరుస్తూనే ఉండే మనిషి. అప్పుడు మాత్రం నోరు తెరవలేదు. చేతులు కట్టుకుని, తల పక్కకి వాల్చి చూస్తూ నిలబడింది. నా గుండెలో అప్పుడే కలుక్కుమంది. ఆరేళ్ళలో నా ఆట చూసి ఆవిడ అలా మాట పడిపోయిన రోజు ఒక్కటి కూడా లేదు.

మార్చిలో మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. ఆరు నెలలుంటానని, కోడళ్ళిద్దరి దగ్గరా చెరిసగమని. ఆవిడకి ఇంట్లో కూర్చోవడం విసుగు. శనివారం వస్తే చీర మీద కోటు వేసుకుని, మడత కుర్చీ చంకన పెట్టుకుని మాకంటే ముందు కారెక్కేవారు. ఆట నియమాలు వారంలో పట్టేశారు. అప్పటికి మా తోడికోడలు బంతులు అందించడం మానేసి, నాతో సమానంగా సగం ఆట ఆడుతోంది. ఒకరోజు ఇంటికొస్తుంటే కారులో అత్తగారన్నారు.

"నువ్వు బాగానే ఆడతావమ్మా. ఏదో వంట శ్రద్ధగా చేసినట్టుంటుంది. చిన్నదాని సంగతి వేరు. దాని చేతిలోనే ఏదో ఉంది."

నేను అద్దంలోంచి వెనక్కి చూశాను. వెనక సీట్లో ఉన్న మా తోడికోడలు, "అట్ల గాదత్తమ్మా, అక్క చూపిస్తేనే నేర్చుకున్న" అంది. ఆ మాట ఇంకా మండించింది. గొప్పగా ఆడేవాళ్ళు అణకువగా కూడా ఉంటే మనకి తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగలదు.

అంతకంటే పెద్ద దెబ్బ మా పాప దగ్గర తగిలింది. పన్నెండేళ్ళది. దాన్ని ప్రాక్టీస్‌కి రమ్మని ఏళ్ళ తరబడి బతిమాలాను. "ఇట్స్ సో బోరింగ్ అమ్మా" అనేది. ఆ ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చేసరికి గరాజ్ ముందర నా పాత బంతి పట్టుకుని పిన్నీ అదీ ఆడుతున్నారు. పాప చెమటలు కక్కుతోంది, నవ్వుతోంది.

"అమ్మా, పిన్ని నాకు షూటింగ్ నేర్పిస్తుంది. షీ ఈజ్ సో గుడ్! నీకు ఓకే కదా?"

"నాకేంటి, ఓకే" అని లోపలికి వెళ్ళిపోయాను. బూట్లు విప్పకుండా సింక్ దగ్గర నిలబడి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. బయట బంతి నేలకి తగిలిన ప్రతి చప్పుడూ నా నెత్తి మీద పడుతున్నట్టే ఉంది.

ఆ నెలలోనే మావారూ నేనూ సిటిజన్‌షిప్ ఓత్ తీసుకున్నాం. ఎన్నో ఏళ్ళ ఎదురుచూపు అది. అత్తగారూ, మరిదీ, తోడికోడలూ అందరూ వచ్చారు. ఫోటోలన్నీ మా తోడికోడలే తీసింది. నాకిచ్చిన చిన్న జెండా ఆమె చేతికిచ్చి ఎవరితోనో మాట్లాడుతున్నాను. తిరిగి చూస్తే, దాని కర్రని రెండు వేళ్ళ మధ్య తిప్పుతూ ఎటో చూస్తోంది. నాకప్పుడు ఆమె గురించి ఆలోచించే తీరిక లేదు. శనివారం నోవైలో మ్యాచ్ ఉంది, అందులో నన్ను ఆడిస్తారా లేదా అన్నదే బెంగ.

నోవైకి ఇద్దరం నా కార్లోనే వెళ్ళాం. మిషిగన్‌లోకి వెళ్ళాక ఏప్రిల్ అని కూడా చూడకుండా మంచు పడింది. వైపర్లు కొట్టుకుంటుంటే ఆమె ఉన్నట్టుండి అంది.

"అక్కా, పొద్దుగాల నువ్వు లాప్‌టాప్ బ్యాగ్ ఏసుకొని కారెక్కుతుంటే మా బాల్కనీల నుంచి కనిపిస్తది. రోజూ చూస్త."

"ఎందుకూ?"

"ఏమో. కళ్ళు అటే పోతయి."

"నీకూ ఈఏడీ వస్తుందిలే, ఉద్యోగం చేసుకోవచ్చు" అని ఊరుకున్నాను. ఆమె ఏం చెబుతోందో అప్పుడు నా చెవికెక్కలేదు. ఎంతసేపూ నా దగ్గరున్నది పోతోందన్న గోలే గానీ, నా దగ్గర ఏముందో ఇంకొకరి కంటికి ఎలా కనిపిస్తుందన్న ఊహ కూడా రాలేదు. ఆ మ్యాచ్‌లో మొదటి సగం నేను ఆడాను. వెనకబడి ఉన్నాం. రెండో సగం ఆమె ఆడింది. గెలిచాం.

మే మొదట్లో, షామ్‌బర్గ్ జట్టుతో ఆటకి ముందు, కోచ్ అందరికీ బిబ్‌లు పంచింది. నేను చెయ్యి చాపాను, నా అక్షరాలు నాకొస్తాయనే ధీమాతో. వచ్చింది గోల్ కీపర్ బిబ్. గోల్ కీపరంటే కోర్టుకి ఆ కొసన, ఎదుటి జట్టు షూటర్‌ని కాచుకుని ఉండే మనిషి. మూడడుగుల దూరంలో నిలబడి, చేతులెత్తి, బంతికి అడ్డం పడటమే పని. గోల్ వేసే హక్కు ఉండదు. నా షూటర్ బిబ్ మా తోడికోడలు వేసుకుంటోంది. వెనక పట్టీ అందకపోతే, "అక్కా, జర పెట్టవా" అని వీపు నావైపు తిప్పింది. పెట్టాను.

ఆ రోజు నా ఆట చెప్పుకోకూడదు. అడ్డం పడమంటే మీద పడ్డాను. రిఫరీ విజిలూదని నిమిషం లేదు. ఆట అయ్యాక పార్కింగ్‌లో కోచ్‌ని పట్టుకున్నాను.

"నేను షూటర్‌ని. ఆరేళ్ళు ఆడాను మీకు."

ఆవిడ కారు డిక్కీలో బంతుల సంచీ పెడుతూ, "ఆమె నీకన్నా బాగా వేస్తుంది. అది నీకూ తెలుసు" అంది.

"తెలుసు."

"నిన్ను బెంచీ మీద కూర్చోబెట్టేదాన్ని. ఎందుకు కూర్చోబెట్టలేదో చెప్పనా? రెండు నెలలుగా ప్రాక్టీస్‌లో నువ్వు బంతిని చూడటం లేదు. ఆ అమ్మాయినే చూస్తున్నావు. ఏ కాలు ముందు వేస్తుందో, ఎప్పుడు ఊపిరి పీలుస్తుందో, ఎటు చూసి ఎటు వేస్తుందో, అన్నీ. షూటర్‌ని అంతలా చూసేవాళ్ళే నాకు కీపర్‌గా కావాలి."

ఇంట్లో వాళ్ళకి కూడా తెలియకుండా దాచుకున్నాననుకున్నాను. ఆవిడ దాన్ని చక్కగా చూసి, ఎక్కడ పనికొస్తుందో కూడా ఆలోచించి పెట్టుకుంది. ఆవిడ కారు వెళ్ళిపోయినా కాసేపు అక్కడే నిలబడ్డాను. జట్టు మానేద్దామనుకున్నాను. మానేస్తే ఆ చోటు పూర్తిగా ఆమెదైపోతుంది. ఆ ఒక్క ఆలోచనతోనే వచ్చే శనివారం మళ్ళీ వెళ్ళాను.

ప్రాక్టీస్‌లో నా పని మా తోడికోడల్ని ఆపడం. జూన్ అంతా అదే. మొదట్లో ఒక్కటీ ఆపలేకపోయాను. నా వేళ్ళ మీదుగా బంతి వెళ్ళిపోయేది. తర్వాత తర్వాత నేను గమనించిందంతా పనికిరావడం మొదలైంది. బంతి వదిలేముందు ఆమె ఊపిరి పీలుస్తుంది. మొదటి రోజే చూశాను. ఆ ఊపిరి పీల్చేటప్పుడే నేను ఎగరాలి. ఒకరోజు ఎగిరాను. బంతి నా అరచేతికి తగిలి అంత దూరాన పడింది. ఆమె ఆశ్చర్యంగా నన్ను చూసింది. నిజం చెబుతున్నాను, జీవితంలో ఏ గోల్ వేసినప్పుడూ నాకంత సంతోషం కలగలేదు. చెయ్యి మండుతోంది, ఆ మంట కూడా తియ్యగానే ఉంది.

"ఇంకోటి వెయ్యి" అన్నాను.

"వేస్త. ఈసారి ఆపు చూస్త" అంది, పళ్ళు బిగించి.

అప్పటినుంచీ ఆమె ఊపిరి మార్చేది, కాలు మార్చేది. నేను కళ్ళు మార్చేదాన్ని కాదు. మా ఇద్దర్నీ చూస్తూ అత్తగారు మడత కుర్చీలో ముందుకు వంగి కూర్చునేవారు. బయటివాళ్ళు మమ్మల్ని చూస్తే ఎంత అన్యోన్యంగా సాధన చేస్తున్నారో అనుకునేవారేమో.

జూలైలో అట్లాంటా దగ్గర పెద్ద టోర్నమెంట్. దేశంలో ఉన్న జట్లన్నీ ఏడాదికొకసారి అక్కడ కలుస్తాయి. మేం సెమీఫైనల్ దాకా వచ్చాం. అంతకుముందెప్పుడూ రాలేదు. ఎదురుగా న్యూయార్క్ జట్టు. వాళ్ళ షూటర్ గట్టి పిల్ల, నా భుజం దాకానే వస్తుంది గానీ గాలిలో ఆగిపోతుందేమో అనిపించేటంత ఎగురుతుంది. ఆట చివరికి వచ్చేసరికి స్కోరు సమానం. బంతి ఆ పిల్ల చేతిలో ఉంది. నాకు మా తోడికోడలే కనిపించింది. ఆ పిల్ల ఛాతీ పైకి లేచింది. ఎగిరాను.

బంతి నా వేళ్ళకి తగిలి పక్కకి మళ్ళింది. మా డెంటిస్టు అందుకుంది, జమైకా అక్కకి వేసింది, అక్కడినుంచి చెల్లికి, చెల్లి నుంచి కోర్టు ఆ కొసనున్న మా తోడికోడలికి. ఆమె వేసింది. విజిల్ మోగింది.

అందరూ ఆమె మీదికి పరిగెత్తారు. కోచ్, బెంచీ మీద వాళ్ళు, మాతో వచ్చిన పాప, అందరూ. కీపర్ ఉండేది కోర్టుకి ఈ కొసన. నా దగ్గర న్యూయార్క్ పిల్ల తప్ప ఎవరూ లేరు. ఆ పిల్ల మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, "బాగా ఆపావు" అంది. ఆ మాటన్నది ఓడిపోయిన పిల్ల. నేను నడుచుకుంటూ వెళ్ళేసరికి గుంపు విడిపోతోంది. మా తోడికోడలు నన్ను గట్టిగా వాటేసుకుంది. నేనూ వాటేసుకున్నాను.

ఫైనల్ ఓడిపోయాం. ఆ బాధకంటే తర్వాత జరిగిందే నాకు బాగా గుర్తు. బూట్లు విప్పుకుంటుంటే ఒక పెద్దావిడ వచ్చింది. అమెరికా జట్టుకి ఆటగాళ్ళను ఎంపిక చేసేవాళ్ళలో ఒకరట. నేరుగా మా తోడికోడలి దగ్గరికి వెళ్ళి, ఇలాంటి షూటర్ కోసమే చాలాకాలంగా చూస్తున్నామని, అక్టోబర్‌లో ఇండియానాపొలిస్‌లో ట్రయల్స్ ఉన్నాయని, తప్పకుండా రమ్మని చెప్పింది. మా తోడికోడలి మొహం ఎలా వెలిగిందో చెప్పలేను. నేను బూటు లేసు ముడి విప్పుతున్నట్టు వంగి కూర్చున్నాను. ముడి ఎప్పుడో విప్పేశాను.

"అమెరికా పాస్‌పోర్ట్ ఉంది కదా?" అని అడిగింది పెద్దావిడ.

మా తోడికోడలు లేదంది. హెచ్‌ఫోర్ మీద ఉన్నానంది. ఆవిడకి హెచ్‌ఫోర్ అంటే ఏమిటో తెలియలేదు. తెలిసేలా చెప్పాక, "అయ్యో, పాస్‌పోర్ట్ లేకపోతే కుదరదమ్మా, రూలు" అని నిజంగానే బాధపడింది.

నాకు మాత్రం హమ్మయ్య అనిపించింది. ఎక్కడో లోపల బిగుసుకున్నది ఒక్కసారిగా వదులైంది. తలెత్తి చూశాను. మా తోడికోడలు నన్నే చూస్తోంది. చూస్తూనే ఇంగ్లీషులో ఆవిడతో, "మా అక్కకి ఉంది పాస్‌పోర్ట్. కొత్తదే" అంది.

అది వెటకారంగా అందో, మంచికి అందో నాకిప్పటికీ తెలియదు. పెద్దావిడ నావైపు తిరిగింది. "ఆ చివరి బంతి ఆపింది నువ్వే కదూ?" అంది. వయసు అడిగింది. నలభై ఒకటన్నాను. కాసేపు ఆలోచించి, "కీపర్లకి కాళ్ళకంటే కళ్ళు ముఖ్యం. రా, చూద్దాం" అంది.

మేం అరోరా చేరేలోపే అత్తగారు బంధువులందరికీ ఫోన్లు చేసి, పెద్దకోడలు అమెరికా జట్టుకి ఆడబోతోందని చెప్పేశారు. ట్రయల్స్ మాత్రమేనని ఎంత చెప్పినా వినలేదు. మావారు కేక్ తెచ్చారు. పాప నా బిబ్ వేసుకుని ఇల్లంతా తిరిగింది. నేను ఆ నెలలన్నీ కోరుకున్నది ఇదే. ఇప్పుడొచ్చింది గానీ, ఇంకొకరికి వండిన అన్నం తింటున్నట్టుంది.

మా తోడికోడలు మా ఇంటికి రావడం తగ్గించేసింది. వచ్చినా అత్తగారికని కూర డబ్బా గుమ్మం దగ్గరే ఇచ్చి వెళ్ళిపోయేది. ప్రాక్టీస్‌కి ఒంట్లో బాగాలేదని కబురు పంపింది. నేను ఎదురైతే నవ్వేది, ఆ నవ్వు నాకు తెలిసిన నవ్వే, మే నెలంతా అద్దంలో చూసుకున్నాను.

"ఒకళ్ళు నవ్వితే ఇంకొకళ్ళు మొహం మాడ్చుకుంటారు" అన్నారు అత్తగారు పప్పు ఏరుతూ. "నాకు ఇద్దరు కోడళ్ళున్నారో, ఒక్క కోడలే రెండుసార్లొచ్చిందో అర్థం కావట్లేదు."

సెప్టెంబర్‌లో ఆవిడ ఊరికి వెళ్ళిపోయారు. ట్రయల్స్ దగ్గర పడుతున్నాయి. నాకు ప్రాక్టీస్ కావాలి, నా ఎదుట నిలబడి వేసేంత షూటర్ చుట్టుపక్కల ఒక్కతే ఉంది. ఒక ఆదివారం పొద్దున వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. మా మరిది నన్ను చూసి కాఫీ పెడతానంటూ వంటింట్లోకి తప్పుకున్నాడు.

"నాకు షూట్ చేసిపెట్టాలి. రెండు వారాలే. నీకంటే మంచి షూటర్ నాకెక్కడ దొరుకుతుంది?" అన్నాను. ఆ చివరి మాట గొంతులోంచి బయటికి రావడానికి నేను పడ్డ అవస్థ నాకే తెలుసు.

ఆమె సోఫాలో బట్టలు మడతపెడుతోంది. తలెత్తలేదు.

"నేనెందుకు రావాలె అక్కా? నా చోట్ల నువ్వు పోతున్నవ్ గద."

"అవును. సీజనంతా నా చోట్లో నువ్వాడలేదా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆమె చేతిలోని చొక్కాని మడత మీద మడత పెట్టి, ఇంక మడత పడకుండా అయ్యాక పక్కన పడేసింది. లేచి వెళ్ళి బూట్లు తెచ్చుకుంది.

ఆ రెండు వారాలు పార్కులో ఆమె నామీద ఏమాత్రం దయ చూపలేదు. వానలో కూడా ఆడించింది. నేను ఒకటి ఆపితే, "అది నేను వదిలిన, నువ్వు ఆపలే" అనేది. అలిసిపోయానంటే, "అక్కడ ఇరవై ఏండ్ల పిల్లలొస్తరు, వాళ్ళకి గిట్లనే చెప్తవా?" అనేది. తిట్టుకుంటూ ఎగిరాను. మా మధ్య అంత నిజాయితీగా గడిచిన రోజులు అంతకుముందు లేవు.

ఇండియానాపొలిస్‌కి ఆమే డ్రైవ్ చేస్తానంది. నీ కాళ్ళకి రెస్ట్ కావాలంది. ట్రయల్స్ రెండు రోజులు. నిజంగానే అందరూ చిన్నపిల్లలు. ఇంగ్లండులో, ఆస్ట్రేలియాలో ప్రొఫెషనల్ జట్లకి ఆడి వచ్చిన అమెరికన్ అమ్మాయిలు కూడా ఉన్నారు. మొదటి రోజు నేను బాగా ఆడాను. వాళ్ళలో ఒక షూటర్‌ని వరసగా ఆపాను. రెండో రోజు మధ్యాహ్నానికి మోకాళ్ళు మాట వినలేదు. పిల్లలు ఎగిరి దిగి మళ్ళీ ఎగిరేలోపు నేను ఇంకా దిగుతూనే ఉన్నాను. సాయంత్రం అందర్నీ నేల మీద కూర్చోబెట్టి పేర్లు చదివారు. నా పేరు రాలేదు. పెద్దావిడ నా భుజం తట్టి, "పదేళ్ళ ముందు ఎక్కడున్నావు?" అంది. ఒక చేత్తో పాపని ఎత్తుకుని, ఇంకో చేత్తో కారు సీటు బిగిస్తూ ఉన్నానని చెప్పాలనిపించింది. థాంక్స్ చెప్పి వచ్చేశాను.

గ్యాలరీ మెట్ల మీద మా తోడికోడలు నిలబడి ఉంది. నా సంచీ తీసుకుంది. ఇద్దరం కారెక్కాం. ఊరు దాటి హైవే ఎక్కాక, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా అంది.

"అక్కా, ఒకటి చెప్త, ఏమనుకోకు. నీ పేరు రాకపోతే నాకు పాణం నిమ్మలమైంది."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"అట్లాంటాలో నీకు పాస్‌పోర్ట్ లేదన్నప్పుడు నాకూ అంతే అయింది."

"నాకూ తెలుసు" అంది. "నీ మొహం చూసిన. గందుకే నీ పేరు చెప్పిన ఆవిడకు. ఏం చేస్తవో చూద్దామని."

రోడ్డుకి రెండు పక్కలా కోసేసిన మొక్కజొన్న చేలు. నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఒళ్ళంతా నొప్పులు, విపరీతమైన ఆకలి. ఎక్కడైనా ఆపి తిందాం అనబోతున్నాను, ఫోన్ మోగింది. తెనాలి నుంచి అత్తగారు. అక్కడ ఇంకా తెల్లవారి ఉండదు. రిజల్ట్ కోసం అలారం పెట్టుకుని లేచారన్నమాట. నాకు మాట్లాడే ఓపిక లేక కారు స్పీకర్‌లో పెట్టాను.

"ఏమైందమ్మా? వచ్చిందా?"

మా తోడికోడలే చెప్పింది. "రాలేదత్తమ్మా. కానీ అక్క మస్తు ఆడింది. మొదటిరోజైతే అందరికంటే బాగ ఆడింది."

అత్తగారు పెద్ద నిట్టూర్పు విడిచారు. "పోనీలేమ్మా, బాధపడకు" అన్నారు నాతో. తర్వాత, ఎవరితో అంటున్నారో చూసుకోకుండా, "అదే చిన్నది గనక వెళ్ళుంటేనా, వచ్చి తీరేది" అన్నారు.

ఒళ్ళు భగ్గుమంది. అంత అలసటలోనూ, అంత మాట్లాడుకున్నాక కూడా, ఎక్కడా తగ్గకుండా భగ్గుమంది. పక్కకి చూశాను. మా తోడికోడలు కింది పెదవి పళ్ళ మధ్య బిగబట్టి రోడ్డునే చూస్తోంది. భుజాలు కదులుతున్నాయి. నవ్వాపుకుంటోంది. ఆమెను చూశాక నాకూ ఆగలేదు. ఫోన్‌లో అత్తగారు "ఏమైందే, ఏమైంది?" అంటుంటే కట్ చేసేశాను.

"అక్కా, నేనేం అనలే" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"ముందు చూసి నడుపు" అన్నాను.